అద్దపాయన సినిమాలు, బాలమల్లు కాక మాటలు

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మధ్యాహ్నం మూడు దాటాక ఒకసారి దానంతట అదే ఆరో అంతస్తుకు వస్తుంది. ఎవరూ పిలవరు. ఆ వేళకు మా అంతస్తులో మెలకువగా ఉండేది నేనొక్కదాన్నే. ముందు టింగ్‌మని చిన్న చప్పుడు. తలుపులు విడిపోతాయి. లోపల ఎవరూ ఉండరు. ట్యూబులైటు ఒకసారి వణికి నిలబడుతుంది. వేడెక్కిన గ్రీజు వాసన మా గుమ్మం దాకా వస్తుంది. ఎవరో దిగాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు తలుపులు కాసేపు అలాగే తెరుచుకుని ఉండి, తర్వాత మూసుకుంటాయి. వాచ్‌మన్‌ని అడిగితే నవ్వి, "కశుఁ నథీ బెన్, సెన్సర్ ఛే" అన్నాడు. ఏమీ లేదమ్మా, సెన్సర్ అంతే అని. నేనూ నవ్వాను. కానీ ఎనిమిది నెలల పాపను భుజాన వేసుకుని ఆ తలుపుల ముందు నిలబడినప్పుడల్లా, ఆ గ్రీజు వాసనలోంచి ఒక గొంతు వినిపిస్తుంది. "బుగులు వడకు బిడ్డా. రా, కూసో అనాలె. అచ్చెటోల్లకు గంతే గావాలె."

ఆ గొంతు బాలమల్లు కాకది. ఆయన నాకు సొంత చిన్నాన్న కాదు. సిరిసిల్ల దగ్గర మా బాపు వాళ్ళ ఊరికి పక్క ఊరాయన. సూరత్ పక్కన జోల్వాలో మరమగ్గాల మీద పనిచేసే మావాళ్ళందరికీ ఆయన కాకే. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి మగ్గం వెనక వంగి పనిచేయడం వల్ల మెడ కొంచెం ఎడమకు ఒరిగి ఉండేది. ఎదురుగా నిలబడినా మూల నుంచి చూస్తున్నట్టుండేవాడు. ఆయన నాకు చదువు చెప్పలేదు. భయం వేసినప్పుడు ఏం చేయాలో నేర్పాడు. అది కూడా, ఆయనకు ఒక్క ముక్క రాని భాషలో తీసిన దయ్యాల సినిమాలు పెట్టి.

ఇది రాసేటప్పుడు పాప పక్కనే ఊయలలో ఉంది. పాప పుట్టినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పిల్లలు ఏడవడం వల్ల కాదు, మా పాప పెద్దగా ఏడవదు. పాప నిద్రపోతే ఛాతీ కదులుతోందా అని చూస్తూ కూర్చుంటాను. నేను కళ్ళు మూసిన ఆ కాసేపట్లోనే ఏదో జరుగుతుందని నా నమ్మకం. డాక్టరు పాపను చూసి అంతా బాగుందన్నారు. మా ఆయన బ్యాంకుకు వెళ్ళేముందు రోజూ "కాసేపు పడుకో" అంటారు. నేను తలూపుతాను. ఈ మధ్య జరిగిన ఒక సంగతి వల్ల, కాక నాకు ఇచ్చినదేమిటో మళ్ళీ మొదటి నుంచి చూసుకోవలసి వచ్చింది. అందుకే ఇదంతా.

మా చిన్నప్పుడు జోల్వాలో మేముండే ఒంటిగది ఖోలీల వరసకు పక్కనే సాంచాల షెడ్డు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలనే అంటారు. వందల సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే లోపల మాట్లాడటం కుదరదు. అరిచినా వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. బాపు షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరకు, గొంతు లేకుండా, చాయ్ తాగొచ్చావా అని అడిగేవాడు. ఆ చివరి మనిషి గొంతు లేకుండానే జవాబు చెప్పేవాడు. ఇంటికొచ్చాక కూడా బాపు మా కళ్ళలోకి చూసేవాడు కాదు, మూతి వైపే చూసేవాడు. మా అవ్వ, అంటే అమ్మ, బాపుకు తెలియకూడని మాట చెప్పాలంటే గొంతు తగ్గించేది కాదు, మూతికి కొంగు అడ్డం పెట్టుకునేది. మేం పిల్లలం అబద్ధం చెప్పేముందు ముక్కు తుడుచుకునేవాళ్ళం.

ఆ షెడ్డులో కాకది పోగులు అతికే పని. మగ్గానికి పడుగు చుట్టి పెట్టే ఒక బీము నూలు అయిపోతే, కొత్త బీము పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా ముడివేయాలి. వేల పోగులు. బొటనవేలు, చూపుడువేలు తెల్లటి పొడిలో అద్దుకుని ఒక మెలిక తిప్పితే ముడి పడేది. చూస్తే కనపడేది కాదు. "ముడి కనవడ్డదంటె గుడ్డ ఖరాబే" అనేవాడు.

వారానికి ఒకరోజు సాంచాలు బంద్. ఆ మధ్యాహ్నం కాక ఖోలీలో సినిమా. ఎవరో సేఠ్ ఇంట్లో పాతబడిన టీవీ, మూత ఊడిన డిస్కు ప్లేయరు. కిటికీకి గ్రే అని పిలిచే, రంగు వేయని మగ్గం గుడ్డ కట్టి చీకటి చేసేవాళ్ళు. ముప్పై నలభైమంది మగవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. ముందు వరసలో నేను, మరో ఇద్దరు ముగ్గురు పిల్లలు. తలుపు చట్రానికి వీపు ఆనించి, సగం లోపల సగం బయట, కాక భార్య లచ్చవ్వ చిన్నమ్మ. ఆమె సినిమా చూసేదో లేదో తెలిసేది కాదు. ఆమె కళ్ళు ఎప్పుడూ తెరుచుకునే ఉండేవి. రెప్ప వేయడం కూడా నేను చూసిన గుర్తు లేదు. చిన్నప్పుడు నేను సినిమాలోని దయ్యాలకు భయపడలేదు కానీ, వెనక్కి తిరిగి ఆమె కళ్ళు చూసి భయపడ్డాను.

డిస్కులు సూరత్ స్టేషన్ దగ్గర ఒక దుకాణంలో ఎవరూ కొనక మూలపడ్డవి. అట్టల మీద చీనా అక్షరాలు. అది హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్ అని నాకు కాలేజీలో చేరాక తెలిసింది. అప్పుడు మాకు అన్నీ "చీనోల్ల సిన్మలు". కాక మొదట టీవీ సౌండు సున్నాకు తిప్పేవాడు. "గీ లొల్లి మనకెందుకు? మూతులు గనవడుతలెవ్వా?" అని, టీవీ పక్కన గోనె మీద కూర్చుని, తెర మీద ఎవరు నోరు తెరిస్తే వాళ్ళ మాటలు మా భాషలో చెప్పేవాడు. ఒక్కొక్కరికి ఒక్కో గొంతు. హీరోకు కరీంనగర్ గొంతు, పోలీసుకు గుజరాతీ కలిసిన హిందీ, ముసలమ్మలకు అచ్చం మా నాయనమ్మ గొంతు.

ఓదెలు అని ఒకాయన ఉండేవాడు, ప్రతిదానికీ అడ్డం మాట్లాడేవాడు. "ఏందే కాకా, చీనోడు మాట్లాడితే నీకెట్ల తెలుస్తదే?" అని మొదటిసారే పట్టుకున్నాడు.

కాక తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా, "నీ పక్క సాంచ మీది ఒడియావోడు తంబాకడిగితె నీకెట్ల తెలుస్తది?" అన్నాడు.

"వాని మూతి జూస్తె తెలుస్తది."

"మరి? వీనికి మూతి లేదా? జర ఊకో, పోలీసోడు ఏమో అంటున్నడు."

అందరూ నవ్వారు. నవ్వారు గాని, నమ్మారు కూడా. మూతి చూసి మాట పట్టుకోవడం రోజూ అన్నం పెట్టే విద్య అయినవాళ్ళకు, భాష రాకపోవడం పెద్ద అడ్డంకిగా తోచలేదు. ఇంకెక్కడైనా ఈ మాట చెబితే నవ్వుతారు. మా ఖోలీలో అది వాదనకు నిలిచింది.

ఆ డిస్కుల్లో చాలావరకు ఒక్క దర్శకుడివే. పేరు చదవలేం కాబట్టి గుర్తు ఒక్కటే. ఆయన సినిమా ఏదైనా, మొదట ఆవిరి పట్టిన అద్దం ఒకటి కనపడుతుంది, ఒక చెయ్యి వచ్చి దాన్ని తుడుస్తుంది. తుడిచిన చోట ఎవరి ముఖమూ ఉండదు, ఖాళీ గది ఉంటుంది. అది రాగానే ఖోలీ అంతా "అద్దపాయన! అద్దపాయన!" అని గోల. ఆయన పేరు ఇప్పుడు నాకు తెలుసు. సినిమాలు ఆడలేదనీ, అద్దెకు తీసుకున్న ఇరుకు ఇళ్ళలో కొద్దిమందితోనే తీసేవాడనీ, ఇప్పుడెవరో కుర్రవాళ్ళు వెతికి వెతికి చూస్తున్నారనీ చదివాను. కానీ నాకు ఆయన అద్దపాయనే.

మిగతావాళ్ళ దయ్యాలు మీద పడతాయి. ఆయన దయ్యాలు పడవు. ఇంట్లో పని చేసుకుంటుంటాయి. ఒక సినిమాలో చచ్చిపోయినవాళ్ళంతా పోలీస్ ఠాణాలో వరసలో నిలబడి ఉంటారు, ఒక ముసలి కానిస్టేబుల్ వాళ్ళు చెప్పేది రాసుకుంటుంటాడు. వరసలో ముందుకు దూరినవాణ్ణి చచ్చినవాళ్ళే తిడతారు. ఇంకోదాంట్లో నీడ పోగొట్టుకున్న కుస్తీ వస్తాదు దాన్ని వెతుక్కుంటూ బట్టలుతికే దుకాణానికి పోతాడు. అక్కడ దండెం మీద నీడలు ఆరేసి ఉంటాయి. మరో సినిమాలో శవాలు చేతులు చాచి, రెండు కాళ్ళూ కలిపి, ఎగురుతూ వస్తాయి. అది చూసి మేం పిల్లలం ఒకరి వెనక ఒకరం దాక్కుంటే కాక సినిమా ఆపాడు.

"గాల్లెందుకు ఎగురుతున్నరో ఎరుకేనా?"

తెలియదన్నాం.

"సచ్చినోల్ల కాళ్ళ బొటనేళ్ళు కలిపి కడ్తరు గద? గా తాడు ఇప్పెటిది మర్శిండ్రు. పాపం, నడువరాక ఎగురుతున్నరు. మీద వడెతందుకు గాదు. జర ముడి ఇప్పుండ్రి అని అడుగ వస్తున్నరు."

ఆ తర్వాత ఎగిరే శవాలను చూస్తే నా వేళ్ళు దురద పెట్టేవి, పోయి ముడి విప్పాలని. భయం పోయిందని కాదు. దానికి చేయడానికి ఒక పని దొరికింది. అందరూ సర్దుకుని సినిమా మళ్ళీ మొదలయ్యాక ఓదెలు నెమ్మదిగా, "మా బాపువి ఇప్పిండ్రో లేదో" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

లిఫ్ట్ సినిమా వచ్చింది ఒక ఎండాకాలం. నాకు తొమ్మిదేళ్ళు. ఎత్తయిన మేడ, తడి గోడలు, పసుపు వెలుతురు, ఇనుప చువ్వల తలుపున్న పాత లిఫ్ట్. పైన ఒక గదిలో తల్లి, జబ్బుపడ్డ కూతురు. తల్లి మెలకువగా కూర్చుని ఉంటుంది. ఒక తెల్లవారుజామున ఆమెకు కునుకు పడుతుంది. లేచి చూస్తే పిల్లకు ఊపిరి లేదు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం లిఫ్ట్ దానంతట అదే ఆ అంతస్తుకు వచ్చి తెరుచుకుంటుంది. లోపల ఎవరూ ఉండరు. కాక అప్పుడే మాతో ఆ మాట అన్నాడు, బుగులు పడొద్దు, రా కూసో అనాలని. సినిమా చివర్లో ఒకరోజు లిఫ్ట్ ఖాళీగా రాదు. పిల్ల ఉంటుంది. జుట్టు తడిసి ఉంటుంది. తల్లి చువ్వలు పట్టుకుని నిలబడుతుంది. పిల్ల ఏదో అంటుంది.

కాక ఏమీ చెప్పలేదు. ఖోలీలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. నేను తల తిప్పి చూస్తే ఆయన మెడ ఇంకా పక్కకు ఒరిగి, చెవి తెరకు దగ్గరగా ఉంది. సౌండు సున్నాలోనే ఉంది. చాలాసేపటికి, ఎవరి గొంతూ కాని గొంతుతో, అన్నాడు. "అవ్వా, నువ్వు పండుకో. నేను మెలకువతోని ఉంట. గట్లంటున్నది."

అంతే. తర్వాత ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, సినిమా దానంతట అది అయిపోయింది. అప్పుడు ఎవరో నా భుజం తట్టారు. వెనక్కి తిరిగాను. తలుపు చట్రానికి ఆనుకుని ఉన్న చిన్నమ్మ పక్కకు ఒరిగి, గడప మీద తల పెట్టి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నేను ఆమె మూసిన కళ్ళను చూడటం అదే మొదలు. కాక చెయ్యెత్తి, గొంతు లేకుండా పెదాలతో, సప్పుడు చేయకుండ్రి అన్నాడు. నలభైమంది మగవాళ్ళు లేచారు. చెప్పులు చేతిలో పట్టుకుని, ఆమె తల దాటకుండా ఒక్కొక్కరు పక్కగా జరిగి, బయటకు పోయారు. ఎండలో నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒక్క మాట కూడా వినపడలేదు. పెదాలు కదులుతున్నాయి, అంతే. ఓదెలు కూడా. గోడ పక్కన నిలబడి చూస్తుంటే నాకు వాళ్ళు కూడా అద్దపాయన సినిమాలోని మనుషుల్లాగే అనిపించారు.

ఆ తర్వాత చిన్నమ్మ కోసం ఆ సినిమా ఎన్నోసార్లు పెట్టారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కాక అదే చెప్పేవాడు, ఒక్క అక్షరం తేడా లేకుండా.

కారణం నాకు కాలేజీ రోజుల్లో అవ్వ చెప్పింది. కాకకు సరిత అని కూతురుండేది. ఆయన ఇక్కడ సాంచాల మీద ఉన్నప్పుడు ఊళ్ళో పిల్లకు జ్వరం వచ్చింది. చిన్నమ్మ ఏడు రాత్రులు కన్ను మూయలేదు. ఎనిమిదో రోజు తెల్లవారుతుండగా కునుకు పట్టింది. ఆ కునుకులోనే పిల్ల పోయింది. కాక బండి దిగేసరికి అన్నీ అయిపోయాయి. "నేను పండుకున్న. గందుకే వోయింది" అని చిన్నమ్మ ఒక్కటే మాట. కాక ఆమెను సూరత్ తీసుకొచ్చాడు. ఆమె రాత్రిళ్ళు కూర్చునే ఉండేది. అవ్వ ఇది చెబుతూ, బాపు ఇంట్లో లేకపోయినా, మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను చదువుకున్నాను, పెళ్ళయింది, సూరత్‌లోనే అడాజన్ వైపు వచ్చాను. కాక పోగులు అతకలేక కిమ్ అనే ఊళ్ళో ఒక మిల్లు గేటు దగ్గర కూర్చునే పనికి వెళ్ళాడు. పాప కడుపులో ఉండగా చివరిసారి వెళ్ళి చూశాను. అప్పటికి ఆయనకు బొత్తిగా వినపడదు. నేను గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడాను. అలా మాట్లాడి చాలా ఏళ్ళయింది. ఆయన సంబరపడిపోయి, "గిప్పటికి యాదికున్నదా బిడ్డా!" అన్నాడు. కాసేపటికి అడిగాను, కాకా, చీనావాళ్ళ మాటలు నీకు నిజంగా తెలిసేవా అని.

ఆయన గేటు అవతల రోడ్డు వైపు చూశాడు. "యాడిది బిడ్డా! మూతులు జూసి నోటికచ్చింది జెప్పిన." తర్వాత నా వైపు తిరిగి, "గా లిఫ్టు పొల్ల మాట ఒక్కటి గాదు. గది నేను జెప్పలె. గది ఇన్న" అన్నాడు.

సౌండు సున్నాలో పెట్టి ఏం విన్నావని నవ్వాను. ఆయన నవ్వలేదు. నా పొట్ట వైపు చూసి, "పైలం" అన్నాడు, జాగ్రత్త అని. రెండు నెలలకు పోయాడు. నాకు ప్రయాణం వద్దన్నారు, వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ సంగతి. కిందటి నెలలో ఒక పొద్దున పాపకు నీళ్ళు పోస్తున్నాను. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు, నా ఎడమ చెయ్యి పాప మెడ కింద. అంతవరకు గుర్తుంది. తర్వాత గుర్తున్నది, పాప చెవి నీళ్ళలో ఉండటం, చెంప మీదకు నీళ్ళు వస్తుండటం, నా చెయ్యి ఎవరిదో అయినట్టు టబ్బు అంచు మీద పడి ఉండటం. నేను కూర్చుని, కళ్ళు తెరుచుకునే, నిద్రపోయాను. ఎంతసేపో తెలియదు. పాప ఏడవలేదు. నా ముఖం వైపు కాదు, నా భుజం వెనక దేన్నో చూస్తూ ఉంది. ఎత్తుకుని గుండెకు అదుముకున్నాను. వెనక్కి చూస్తే బాత్‌రూమ్ అద్దం, దాని మీద ఆవిరి. మా ఆయనకు చెప్పలేదు. చెబితే పడుకోమంటారు. నేను పడుకుంటే ఎవరు చూస్తారు? కాపలా కాయడానికే మెలకువగా ఉన్నాను. ఆ మెలకువే పాపను నీళ్ళలో వదిలింది. ఈ రెండు మాటలూ ఒకేసారి తలలో పట్టక, రోజంతా ఇల్లు తుడుస్తూనే ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం లిఫ్ట్ వచ్చి పోయాక, పాప నిద్రలో ఉండగా, ఫోన్‌లో వెతికాను. హాంకాంగ్, లిఫ్ట్, చనిపోయిన పాప, అద్దం తుడిచే చెయ్యి. పాత సినిమాలు బాగుచేసి పెట్టేచోట దొరికింది. కాక అప్పట్లో చెప్పిన మాటలు మళ్ళీ గుర్తు చేసుకోవాలనే ఆశ, అంతే. అలవాటుగా సౌండు సున్నాకు తిప్పాను. కింద ఇంగ్లీషులో మాటలు పడుతున్నాయి. కాక చెప్పిన కథకూ దానికీ పోలికే లేదు. తల్లికి అన్న అని కాక చెప్పినవాడు నిజానికి ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చినవాడు. నవ్వొచ్చింది కూడా. చివరికి లిఫ్ట్ తెరుచుకుంది. తడి జుట్టు. కింద మాటలు పడ్డాయి. అమ్మా, కళ్ళు మూయకు. నువ్వు నిద్రపోతే నేను ఉండను.

ఫోన్ బోర్లించి పెట్టాను. పాప ఛాతీ చూశాను. కదులుతోంది. మళ్ళీ చూశాను. ఫోన్ తిప్పి మిగతాది చూశాను. ఆ తర్వాత సినిమాలో ఆ తల్లి ఇంకెప్పుడూ నిద్రపోదు. ఆఖరి దృశ్యంలో చెయ్యి అద్దం తుడుస్తుంది, ఈసారి ఖాళీ గది ఉండదు, తెరుచుకున్న రెండు కళ్ళు ఉంటాయి. కాక దాన్ని ఎప్పుడూ వివరించలేదు. ఆ కళ్ళు అప్పట్లో కాక ఖోలీ తలుపు దగ్గర కూర్చుని ఉండేవని నాకు ఇప్పుడు తెలిసింది.

కాక పెదాలు తప్పుగా చదివాడేమో, ఎలా చదివితే అలా వచ్చిందో చూద్దామని, ఆ ముక్క మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టాను. మూడోసారికి తెలిసింది. ఆ పిల్ల ముఖం కనపడనే కనపడదు. మొదటి నుంచి చివరి దాకా చూసేవాళ్ళకు వీపు తిప్పి నిలబడి ఉంది. తడి జుట్టు, వీపు, తల్లి ముఖం, అంతే. నాకు ఆ పెదాలు కదలడం గుర్తుంది. ఇన్నేళ్ళుగా ఆ పెదాలు గుర్తున్నాయి. తెర మీద అవి ఎప్పుడూ లేవు.

అప్పుడు ఇంకోటి తట్టింది. ఆ రోజు ఖోలీలో నలభైమంది ఉన్నారు. షెడ్డు చివరి నుంచి చివరకు మూతి చదివేవాళ్ళు. కనపడని మూతిని కాక చదివాడని వాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రతిదానికీ అడ్డం పడే ఓదెలుకు తెలుసు. ఒక్కరూ, గొంతుతో గాని పెదాలతో గాని, ఆ మాట అనలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళిపోయారు.

లచ్చవ్వ చిన్నమ్మ ఇప్పటికీ కిమ్‌లోనే ఉంటుంది, మిల్లు కార్మికుల మెస్సులో వంట చేస్తుంది. ఫోన్ చేశాను. ఏం చెప్పాలనుకున్నానో మర్చిపోయి, "చిన్నమ్మా, నాకు నిద్ర వస్తలేదు" అన్నాను. పుట్టింటి మాట దానంతట అదే వచ్చింది. టబ్బు సంగతి ఆమెకే మొదట చెప్పాను. ఆమె "అయ్యో బిడ్డా" అనలేదు. "రేపు అస్త" అంది. రైలు దిగి, బస్సు మారి, మర్నాడు మధ్యాహ్నానికి వచ్చేసింది, సంచిలో పాపకు పాత చీర గుడ్డలతో.

అన్నం తిన్నాక నా గది గుమ్మం దగ్గర, తలుపు చట్రానికి వీపు ఆనించి కూర్చుంది. సగం లోపల, సగం బయట. నేను ఫోన్ చూపించాను. ఆ ముక్క మొత్తం చూసింది.

"పిల్ల మొఖం అటున్నది గద చిన్నమ్మా. మూతి కనవడనే కనవడది."

"నాకు ఎరుకలేదా? తలుపు కాడి నుంచి సక్కగ కనవడెటిది."

"మరి కాక చెప్పింది ఎట్ల నమ్మినవ్?"

"నమ్మలె బిడ్డా" అంది. "పండుకున్న."

కాక గేటు దగ్గర నాతో అన్నది చెప్పాను, ఆ ఒక్క మాట విన్నానన్నాడని.

ఆమె పాప పాదాన్ని అరచేతిలో పెట్టుకుంది. "నాతోని గూడ గదే అన్నడు, సచ్చెదాక. నాకైతె ఇనవడలె. మస్తుసార్లు చెవు వెట్టిన." తర్వాత నా వైపు, నా కళ్ళ వైపు కాదు, మూతి వైపు చూసి, "నువ్వు పండుకో. నేను మెలకువతోని ఉంట" అంది.

పడుకున్నాను. పాప ఊయల తాడు ఆమె చేతిలో ఉంది. నిద్ర అంచున ఉండగా టింగ్‌మంది. తలుపులు విడిపోయిన చప్పుడు. గ్రీజు వాసన. లేవాలనుకున్నాను, ఒళ్ళు లేవలేదు. గుమ్మం దగ్గర చిన్నమ్మ గొంతు, ఎవరినో బాగా తెలిసినవాళ్ళను పిలిచినట్టు, "రా, కూసో" అంది. ఆ తర్వాత లిఫ్ట్ మూసుకోవడం వినలేదు.

లేచేసరికి పొద్దు గూకుతోంది. పాప చిన్నమ్మ ఒళ్ళో ఆడుకుంటోంది. ఛాతీ చూడాలని నాకు వెంటనే తోచలేదు, అది తర్వాత గుర్తొచ్చింది. చిన్నమ్మకు ఎదురుగా, గుమ్మానికి అవతల, నేను పాపకు నీళ్ళు పోసేటప్పుడు కూర్చునే చిన్న పీట వేసి ఉంది. బాత్‌రూమ్‌లో ఉండవలసిన పీట. ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ సాయంత్రం మా ఆయనకు టబ్బు సంగతి చెప్పాను. మర్నాటి నుంచి పొద్దున నీళ్ళు పోసే పని ఆయనే చేస్తున్నారు. రాత్రి సగం తనూ కూర్చుంటానన్నారు. చిన్నమ్మ వారానికి ఒకరోజు, మెస్సు సెలవు నాడు, వస్తుంది.

కాక నిజంగా ఏం విన్నాడో నాకు తెలియదు. వినకుండా చెప్పాడనుకుంటే ఆయన మీద ప్రేమ పెరుగుతుంది. విన్నాడనుకుంటే మెడ వెనక చల్లబడుతుంది. రెండూ వదులుకోలేను. పోగుకు పోగు అతికినట్టు ఆయన ఎక్కడ ముడి వేశాడో, వేళ్ళతో తడిమినా దొరకడం లేదు.

ఇక ఆపుతాను. పాప ఇంకా మెలకువగానే ఉంది. ఊయల అంచు మీదుగా గుమ్మం వైపు చూస్తూ పెదాలు కదుపుతోంది, చప్పుడు లేకుండా. మూతులు చదివే ఇంట్లో పుట్టినదాన్ని, చదవడానికి ప్రయత్నించలేదు. పీట అక్కడే ఉంచాను. దీపం ఆర్పి పడుకుంటాను.